పొట్టేలు ఒళ్ళు విదిలించిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పెద్ద సంగతి ఏదైనా తేల్చాల్సి వస్తే వాకిట్లో గొంగడి పరిచేవాళ్ళు. దాని మీద కూర్చున్నవాళ్ళ మాటే మాట. ఆ గొంగడిని దులిపి పరిచిన రోజులు నాకు చాలా ఉన్నాయి. దాని మీద కూర్చున్న రోజు ఒక్కటీ లేదు. ఇది చిన్న విషయమని మా వాళ్ళు ఇప్పటికీ అంటారు. చిన్న విషయాలు మరిచిపోయేవాళ్ళే మంచివాళ్ళని కూడా అంటారు. అయితే నేను మంచిదాన్ని కాదు.

మాది తాండూరు నుంచి కొడంగల్ పోయే దారిలో కాస్త లోపలికి ఉన్న ఊరు. ఊరికి ఒక పక్క కంది చేన్లు, ఇంకో పక్క నాపరాయి గనులు. మా వాడకట్టులో ఇళ్ళన్నీ గొర్రెలు కాసే ఇళ్ళే. మా తాత, మా నాయిన, మా అన్న, ముగ్గురూ మంద వెంటే తిరిగేవాళ్ళు. అన్న ఏడో తరగతి దాకా చదివి ఆపేశాడు. నేను నాలుగో తరగతిలో ఉన్నాను. మా బడి అంటే ఒకే ఒక్క గది, కింద బండలు పరిచిన నేల. ఎండాకాలం ఆ బండల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఒళ్ళంతా చల్లబడేది. పాఠం చదవమంటే మా సారు ముందు నన్నే లేపేవాడు, నా తర్వాతే అయిదో తరగతి వాళ్ళను. ఈ మాట నా గురించి ఎవరూ ఎక్కడా చెప్పలేదు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

మా ఇళ్ళలో కొడుకు పుట్టినా బిడ్డ పుట్టినా ఒక గొర్రెపిల్లను వాళ్ళ పేరు మీద విడుస్తారు. దాని సంతానమంతా ఆ పిల్లలదే అంటారు. నా పేరు మీద విడిచిన గొర్రెకు పుట్టిన పొట్టేలు ఒకటి ఉండేది. తెల్లటి ఒళ్ళు, నల్లటి మూతి. తల్లి పాలు చాలకపోతే తుమ్మకాయలు ఏరి పెట్టి, గంజి తాపి పెంచాను. మందలో ఎంత దూరాన ఉన్నా నేను నాలుకతో చప్పుడు చేస్తే చెవులు నిక్కబొడుచుకుని వచ్చేది. కొత్తవాళ్ళు పట్టుకుంటే కుమ్మేది, నా దగ్గర మాత్రం కదలకుండా నిలబడేది. పేరు మాత్రమే నాదనీ, పొట్టేలు ఇంటిదనీ నాకు అప్పటికి తెలియదు.

వికారాబాద్‌లో రైల్వే స్టేషన్ దగ్గర సైకిళ్ళు బాగుచేసే ఒకాయన ప్రతి ఏడూ బక్రీదు ముందు మా ఇంటికి వచ్చి పొట్టేలును కొనుక్కుపోయేవాడు. అంతకుముందు ఆయన ఫౌజులో పనిచేసి వచ్చాడు. ఊళ్ళో అందరూ ఫౌజీ సాబ్ అనేవాళ్ళు. అన్నా నేనూ చాచా అనేవాళ్ళం. వెన్ను వంచకుండా కూర్చునేవాడు, చాయ్ కూడా అలాగే తాగేవాడు. ఆయన మంచు కొండల కథలు చెబుతుంటే అన్న నోరు తెరుచుకుని వినేవాడు. నేనూ వినేదాన్ని. చెప్పేటప్పుడు ఆయన చూపు మాత్రం అన్న మీదే ఉండేది.

అన్న పరుగు అలాంటిది మరి. కుక్క తరిమి మంద చెదిరిపోతే, గట్లు దాటి, రాళ్ళు దాటి, ముందు పోయిన గొర్రెకంటే ముందుకు పోయి నిలబడేవాడు. ఒక ఏడు చాచా అది కళ్ళారా చూశాడు. "గీ పోరడు ఉర్కవల్సింది గొర్ల ఎంట గాదు" అన్నాడు. ఆ మాట అన్న చెవిలో పడింది. తర్వాతి ఏడు, గొర్రెలకు మందు తెస్తానని తాండూరు పోయిన అన్న రెండు రోజుల దాకా రాలేదు. వచ్చినప్పుడు చేతిలో మందు ఉంది. మొహంలో మాత్రం ఇంకేదో ఉంది. చాచా వెంట హైదరాబాద్ పోయి ఫౌజు భర్తీలో పరుగెత్తి వచ్చాడు. ఎంపికయ్యాడు, కాయితం కూడా ఇచ్చారు.

మా అమ్మ ఆ రోజు పొయ్యి రాజేయలేదు. తిట్టలేదు, ఏడవలేదు. కట్టెలు కట్టెల్లాగే ఉన్నాయి, మేమంతా ఆకలితో ఉన్నాం. అన్నకు ఇద్దరు అక్కలు పుట్టి పోయారు. వాడు మా కులదేవుడు బీరప్పకు మొక్కితే దక్కినవాడు. నేను మొక్కకుండా పుట్టినదాన్ని. అమ్మ ఈ మాట పదిమందిలో చాలాసార్లు అనేది, నవ్వుతూనే అనేది.

అన్న ఒక్కటే అన్నాడు. "నువ్వు పొమ్మంటేనే పోత అమ్మా. నువ్వు వద్దంటే ఆ కాయితం గీడనే చింపుత." అలా అనడం బెదిరించడం కంటే కష్టం. అమ్మ నోటి నుంచి ఒక్క మాట రావాలి. ఆ మాట మీద అన్న బతుకు ఉంది. దాని వెనకే నా బతుకు కూడా ఉందని అప్పటికి ఎవరికీ తోచలేదు.

అమ్మనూ నాయిననూ ఒప్పించడానికి చాచా వచ్చాడు. నేను గొంగడి పరిచాను. ఆయన, నాయిన, తాత కూర్చున్నారు. అమ్మ గడప లోపల, అన్న బయట గోడకు ఆనుకుని ఉన్నారు. నేను చాయ్ అందించి, నాకు మిగలకపోతే ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడ్డాను.

నాయిన మొదటే అనేశాడు. "ఫౌజుల వడ్డోడు అస్తడా సాబ్? ఏ గుండుకో బలి అయితడు."

"నన్ను జూడు భయ్యా" అన్నాడు చాచా. "నేను అచ్చిన గద. అచ్చి నీ తాన ఏటా బేరం జేస్తున్న. సచ్చినోడైతే నువ్వు జెప్పిన ధరకే కొనుక్కపోతుండె."

తాత పకపకా నవ్వాడు. నాయిన నవ్వు ఆపుకున్నాడు. చాచా అక్కడి నుంచి ఒక్కొక్కటే చెప్పుకుపోయాడు. నెల తిరిగేసరికి జీతం వస్తుందన్నాడు. వాన పడినా పడకపోయినా వస్తుందన్నాడు. నౌకరీ అయిపోయి ఇంటికి వచ్చాక కూడా బతికినన్నాళ్ళూ పింఛను ఉంటుందన్నాడు. తల్లికీ తండ్రికీ జబ్బు చేస్తే మిలిటరీ దవాఖానాలో చూస్తారన్నాడు. చదువు ఆపినవాడికి అక్కడ చదువు చెబుతారన్నాడు. ఆ ఆఖరి మాట దగ్గర నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

నాయినకు ఇవేవీ ఎక్కలేదు. అప్పుడు చాచా గొర్రెల మాట ఎత్తాడు. మా వైపు ఎండలు ముదిరి గడ్డి లేకపోతే మందను తోలుకుని భీమా నది ఒడ్డుకు, కన్నడ ఊళ్ళ వైపు పోతారు. వానలు పడేదాకా రారు. అన్న పన్నెండేళ్ళ వయసు నుంచీ పోతున్నాడు.

"జర సోచాయించు భయ్యా" అన్నాడు చాచా. "గా పోరన్ని గంత దూరం తోల్తవు. పాము ముడ్తె ఎవడున్నడు? జరమొస్తె ఎవడున్నడు? పండేటందుకు రాళ్ళు, కప్పుకునేటందుకు గొంగడి. బతికిండో లేదో గొర్లు ఇంటికొస్తెనే ఎరుక. గప్పుడు లేని ఫికరు, బూట్లిచ్చి, రజాయిచ్చి, మూడు పూటలు బువ్వ వెట్టే కాడికి తోలుమంటె ఎందుకొస్తున్నది?"

నాయిన గడ్డం గోక్కున్నాడు. ఆయనకు అర్థమయిందని నాకు కూడా తెలిసిపోయింది. ఎందుకంటే తర్వాత అడిగింది అన్న గురించి కాదు. "మరి మంద ఎంట ఎవడు పోతడు సాబ్? నాకు మోకాళ్ళు లేవు, మా అయ్యకు కండ్లు లేవు" అన్నాడు. అంటూనే తల తిప్పి నన్ను చూశాడు. జవాబు కూడా తనే చెప్పుకున్నాడు. "ఇది ఉన్నది గద."

ఇది అంటే నేను.

"బిడ్డ సదువుకుంటున్నట్టుంది గద" అన్నాడు చాచా. ఆయన ఒక్కడే అన్నాడు, అది ఒప్పుకోవాలి.

"ఆడివిల్లకు సదువేంది సాబ్. నాలుగచ్చరాలు నేర్సింది, సాలు."

అంతసేపూ ప్రతి మాటకూ రెండు జవాబులు ఇచ్చిన మనిషి ఈ మాటకు చాయ్ గ్లాసు ఎత్తుకున్నాడు. అందులో చాయ్ అయిపోయి చాలాసేపయింది. అయినా పెదవులకు ఆనించుకున్నాడు. అన్న కిందికి చూశాడు. చాచా మంచివాడే. ఆయన వచ్చింది ఒకరి పని మీద. ఇంకొకరి గురించి మాట్లాడితే వచ్చిన పని చెడుతుంది. అది నాకు ఇప్పుడు అర్థమవుతుంది. అర్థమైతే మాత్రం కోపం తగ్గాలా?

నాయిన ఒప్పుకున్నాడు. అమ్మ ఒప్పుకోలేదు.

"మంద ఎంట పోయినోడు ఇంటికొస్తడు అన్నా" అంది అమ్మ గడప లోపలి నుంచి. "వాడు తొవ్వ మర్సినా గొర్రె మర్వదు. గొర్రె తోల్కొస్తది. ఫౌజుల నా కొడుకును ఎవలు తోల్కొస్తరు?"

అమ్మే మళ్ళీ అంది. "పోరడు నా పోరడు గాడు. బీరప్ప ఇచ్చిండు. ఆయననే అడుగుత. పొమ్మంటె తోల్త."

మా దేవుణ్ణి అడిగే పద్ధతి ఒకటుంది. పొట్టేలును కడిగి, పసుపు బండారు పెట్టి, దేవుడి ముందు నిలబెట్టి, సంగతి చెప్పుకుని దాని వీపు మీద నీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు విదిలిస్తే దేవుడు సరే అన్నట్టు. విదిలించకపోతే కాదన్నట్టు. సరే అంటే ఆ పొట్టేలును అక్కడే దేవుడికి ఇస్తారు.

ఆదివారం పొద్దున నాయిన మందలోకి పోయి నా పొట్టేలును పట్టుకొచ్చాడు. మందలో ఇంకా పొట్టేళ్ళు ఉన్నాయి. ఇదే కండ పట్టి ఉంది. "అది నాది నాయినా" అన్నాను. "నీదైతె ఏంది, మీ అన్న కోసమే గద" అన్నాడు. దానికి నాయిన దగ్గర అదే మొదటి మాట, అదే ఆఖరి మాట. కొత్తవాళ్ళ చేతిలో అది కుమ్ముతుంది కాబట్టి దాని తాడు పట్టుకోవడానికి కూడా నేనే కావలసి వచ్చింది.

బీరప్ప గుడి ఊరి బయట నాపరాళ్ళతో కట్టిన చిన్న గూడు లాంటిది. మా వాడకట్టులో వాళ్ళు కొందరు వచ్చారు. చాచా దూరంగా బండ మీద కూర్చున్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న స్నానం చేసి తడి బట్టలతో నిలబడ్డాడు.

తాతే దేవుడితో మాట్లాడాడు. "పోరడు సర్కారు కొలువుకు పోతనంటున్నడు. నీ పోరడు, నీ ఇష్టం. ఊ అంటె ఊ, ఊహూ అంటె ఊహూ" అని, వేపమండతో నీళ్ళు చల్లాడు. పొట్టేలు నిలబడి నెమరేసింది. నీళ్ళు ఉన్నిలోంచి కారి కింద పడ్డాయి. కాసేపు చూశారు. మళ్ళీ చల్లాడు. పొట్టేలు నా చేతిని నాకింది. నేను పట్టుకుంటే అది కదలదు, అదే నేను నేర్పింది. అమ్మ కొంగు కిందికి జారింది, మొహం వెలిగింది. అన్న మొహం ఒకసారి చూశాను, మళ్ళీ చూడలేకపోయాను.

నా లోపల ఏమయిందో అది కూడా చెబుతాను. పొట్టేలు విదిలించకపోతే అన్న ఉంటాడు. అన్న ఉంటే మంద వెంట అన్న పోతాడు. నేను బడికి పోతాను. పొట్టేలు కూడా బతుకుతుంది. మెడ మీద నా చెయ్యి కాస్త గట్టిగా ఉంచితే చాలు. ఉంచలేదు. గట్టిగా కాదు, మెల్లగా కాదు, తాడు వదులుగా పట్టుకున్నాను. అన్న వైపు ఒకసారి చూశాను కదా, ఆ తర్వాత నా చెయ్యి నా మాట వినలేదు.

మూడోసారి తాత దగ్గరికి వచ్చాడు. కళ్ళు కనబడనట్టు తడుముకుంటూ పొట్టేలు తల సరిగ్గా నిలబెట్టాడు. వంగి దాని నుదుటి మీద బండారు అద్దుతున్నట్టు చెయ్యి పెట్టాడు. ఆ చేతి గుంటలో నీళ్ళు ఉన్నాయి. అవి దాని చెవిలోకి పోయాయి. గొర్రెలు కాసేవాళ్ళ పిల్లలకు చెప్పాల్సిన పని లేదు, చెవిలో నీళ్ళు పోతే ఏ గొర్రె అయినా కొమ్ముల నుంచి తోక దాకా విదిలిస్తుంది. విదిలించింది. నా మొహం నిండా నీళ్ళు చిందాయి.

జనం బీరప్ప పేరు ఎత్తి అరిచారు. డోలు మోగింది. ఆ చప్పుడులో తాత నా వైపు చూశాడు. కళ్ళు లేవన్న మనిషి సూటిగా నా కళ్ళలోకి చూశాడు. ఆయన ఏ సైగా చెయ్యలేదు, వేలు పెదవుల మీద పెట్టలేదు. చూశాడు, అంతే. నేను నోరు విప్పితే అయిపోయేది. మా అమ్మ కాళ్ళు మడిచి కూలబడి, దేవుడికి దండం పెడుతూ, "తోల్త సామీ, తోల్త" అని ఏడుస్తోంది. అన్న నవ్వుతున్నాడు, వాడి మొహాన అలాంటి నవ్వు అంతకుముందు లేదు, తర్వాతా రాలేదు. నేను మొహం తుడుచుకున్నాను. నా చేతిలో తాడును ఎవరో తీసుకున్నారు.

ఆ సాయంత్రం అందరూ తిన్నారు. నేను తినలేదు. దేవుడి కూర వద్దంటే కళ్ళు పోతాయని అమ్మ తిట్టింది. అది నా పొట్టేలని ఎవరూ ఒక్క మాట అనలేదు, అన్న కూడా.

మరునాటి నుంచే మంద వెంట పోయాను. పని నేర్పడానికి తాత నా వెంట వచ్చాడు. బడి ముందు నుంచే మా దారి. పిల్లలు ఎక్కాలు చెబుతున్నారు. మా సారు కిటికీలోంచి చూసి, మళ్ళీ పుస్తకంలోకి చూసుకున్నాడు. వాకిలి దాకా రాలేదు, ఎందుకు రావడం లేదని ఇంటికి వచ్చి అడగలేదు. నా పేరు కొట్టేశారని తర్వాత తెలిసింది.

కంది చేను దాటి బీడు భూముల్లోకి పోయాక తాతను నిలబెట్టి అడిగాను. "దేవున్ని మోసం జేసినవ్ గద?"

తాత కర్ర మీద గడ్డం ఆనించాడు. "దేవునికి ఎరుకే బిడ్డా, నేనేం జేసిననో. ఆయనకేం కోపం రాలె."

"అమ్మను మోసం జేసినవ్."

"మీ అమ్మకు అన్నీ సమజయినయి" అన్నాడు. "సాబ్ జెప్పినయన్నీ సమజయినయి. కొడుకు బాగువడ్తడని దానికి ఎరుకనే. సమజ్ గాక వద్దన్లె. రేపు పోరనికి ఏమన్నయితె, నేను పొమ్మంటెనే పోయిండని సచ్చేదాక ఏడ్సుకుంట ఉండాలె గద. గా బరువు తల్లి మొయ్యదు. ఎవల మీదనన్న ఎయ్యాలె. దేవుని మీద ఏసిన. ఆయన పెద్దోడు, మోస్తడు."

ఇది నా జీవితంలో నేను నేర్చుకున్న పాఠాలలో అన్నిటికంటే పెద్దది, బడి బయట నేర్చుకున్నది. తల్లిదండ్రులు లాభం తెలియక కాదనరు. తెలిసే కాదంటారు. అవును అన్న మాట ఎవరిదో ఒకరిది కావాలి, తమది కాకూడదు.

కానీ అప్పుడు నాకు పాఠం అక్కర్లేదు. "మరి నా బరువు?" అన్నాను. "నన్ను బడి మాన్పిచ్చిండ్రు. నా పొట్టేలును కోసిండ్రు. గది ఎవల మీద ఎయ్యాలె?"

"నువ్వు గట్టిదానివి" అన్నాడు తాత. మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. తర్వాత చెదిరిన గొర్రెను అదిలిస్తూ ముందుకు పోయాడు. ఆయన పోయేదాకా మేమిద్దరం ఆ సంగతి మళ్ళీ ఎత్తుకోలేదు. మా తాత నాకు ఇష్టం. ఆయన్ని క్షమించలేదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

అన్న తాండూరులో రైలెక్కిన రోజు వాడకట్టు మొత్తం స్టేషన్‌కు పోయింది. మంద దగ్గర ఒకరు ఉండాలి కాబట్టి నేను పోలేదు. అన్న రాసిన మొదటి ఉత్తరం ఇంట్లో ఎవరూ చదవలేకపోతే నాచేతనే చదివించారు. అమ్మను అడిగాడు, నాయినను అడిగాడు, తాతను అడిగాడు, మా కుక్కను కూడా పేరు పెట్టి అడిగాడు. నేను గట్టిగానే చదివాను, గొంతు మారకుండా. చివర్లో "చెల్లె బాగున్నదా" అని లేని మాట ఒకటి కలిపి చదివాను. అమ్మ నొచ్చుకుంటుందని కాదు. లేదని నలుగురికీ తెలియకూడదని.

చాచా చెప్పినవన్నీ నిజమయ్యాయి. ఒక్కటి కూడా అబద్ధం కాలేదు. ఇంటికి పెంకులు పోయి స్లాబు వచ్చింది. అమ్మకు గుండె జబ్బు చేస్తే మిలిటరీ దవాఖానాలో చూశారు, ఇక్కడే ఉంటే ఆ ఏడే పోయేది. అన్న చదువుకున్నాడు, హిందీ ఇంగ్లీషు మాట్లాడాడు, పింఛనుతో వచ్చి వికారాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాడు. రేడియోలో సరిహద్దు మాట వినబడినప్పుడల్లా మా అమ్మ బీరప్ప గూడు దగ్గరికి పోయి, "నువ్వే తోలినవ్, నువ్వే తెచ్చియ్యి" అని దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టి, ఇంటికి వచ్చి నిద్రపోయేది. తాత చెప్పింది నిజమే. ఆమె బరువు ఆమె దించుకుంది. ఆ నీళ్ళ సంగతి తెలియకుండానే కన్నుమూసింది.

నేను పెళ్ళయ్యేదాకా మందతో ఉన్నాను, పెళ్ళయ్యాక ఇంకొకరి మందతో ఉన్నాను. నా పిల్లలు బడికి పోతే వాళ్ళ పుస్తకాలు ముందేసుకుని చదివాను. పదో తరగతి ప్రైవేటుగా రాసి పాసయ్యాను. అప్పటికి నా పెద్ద బిడ్డ పది దాటిపోయింది. ఆ చదువుతో ఏ ఉద్యోగానికీ వయసు లేదు. అన్న వచ్చి, "ఇప్పుడెందుకే నీకు ఇవన్నీ" అని నవ్వాడు. నవ్వనిమ్మని ఊరుకున్నాను కానీ మరిచిపోలేదు. ఒక పెళ్ళిలో పదిమంది ముందు, "ఆనాడు పొట్టేలు ఒళ్ళు ఇదిలిచ్చింది, నా బతుకు మారింది" అని దేవుడికి చేతులెత్తి మొక్కాడు. ఆ పొట్టేలు ఎవరిదో వాడికి గుర్తులేదు. చెబుదామని నోటిదాకా వచ్చింది. వాడి మొహం చూసి అన్నం కలుపుకున్నాను.

మా చుట్టుపక్కల ఊళ్ళలో నన్ను ఇప్పటికీ మిలిటరాయన చెల్లె అంటారు. ఎవరి పిల్లవాడైనా ఫౌజుకు పోతానంటే, తల్లిదండ్రులు ఒప్పుకోకపోతే, చెప్పి ఒప్పించమని నన్ను పిలుచుకుపోతారు. నేను పోతాను. చాచా చెప్పినవన్నీ చెబుతాను. ఇప్పుడు పద్ధతి మారిందనీ, తీసుకున్నవాళ్ళనందరినీ చివరిదాకా ఉంచుకోరనీ, అడిగి తెలుసుకోమనీ అది కూడా చెబుతాను. తర్వాత, "నేను చెప్తేనే పంపినమని చెప్పుకోండ్రి, నా మీద ఎయ్యుండ్రి" అంటాను. అప్పుడు తల్లి మొహం తేలికపడుతుంది. నాకు పొట్టేలు అక్కర్లేదు, నీళ్ళు అక్కర్లేదు.

కానీ ఇంకొకటి అడగకుండా లేవను. ఈ మధ్య కరణ్‌కోట దగ్గర ఒక ఇంటికి పోయాను. సిమెంటు ఫ్యాక్టరీకి పోయే రోడ్డు మీద వాళ్ళకు టిఫిన్ బండి ఉంది. తండ్రికి నడుము పడిపోయింది. పొద్దున్నే పిల్లవాడే లేచి పిండి రుబ్బి, బండి తోసి, పని చూస్తాడు. వాడికి ఒక చెల్లెలు, తాండూరులో ఇంటరు చదువుతోంది. అన్నీ చెప్పాను, తల్లి కళ్ళు తుడుచుకుని ఒప్పుకుంది. అప్పుడు గోడ దగ్గర నిలబడ్డ ఆ పిల్లను పిలిచి నా పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. "పోరడు పోతె బండి కాడ ఎవలుంటరు?" అని అడిగాను.

తండ్రి భార్య వైపు చూశాడు. భార్య కొడుకు వైపు చూసింది. కొడుకు సెల్‌ఫోను తీశాడు.

"గదేముంది పెద్దమ్మా, తర్వాత జూద్దం తియ్" అన్నాడు తండ్రి.

"గిప్పుడే జూద్దం" అన్నాను. "తర్వాత చూసినోళ్ళను నేను చూసిన."

చాలాసేపు కూర్చున్నాను. తల్లి లోపలికి పోయి గిన్నెలు కడిగింది, అవి కడిగినవే. ఇక నా వల్ల కాదని లేచాను. ఇలా అడుగుతానని తెలిసి ఈ మధ్య నన్ను పిలవడం తగ్గించారు. తగ్గించనీ.

ఆ పిల్ల బస్సు దాకా నా సంచీ పట్టుకుని వచ్చింది. దారిలో లారీలు లేపిన తెల్లటి దుమ్ము మా ఇద్దరి మీదా పడింది. రోడ్డు దగ్గర నిలబడ్డాక అడిగింది. "పెద్దమ్మా, అన్న పోవుడు మంచిదేనా?"

"మంచిదే బిడ్డా" అన్నాను. "మీ అన్నకు మంచిదే."

ఇంకేమైనా అంటానేమో అని ఆ పిల్ల చూసింది. గట్టిగా ఉండు అని మాత్రం నేను అనను, ఆ మాట నా నోట ఏ పిల్లకూ రాదు. బస్సు వచ్చింది, ఎక్కాను. ఎవరికి మంచిదో చెప్పకుండా మంచిదన్న మాట, తాత నన్ను గట్టిదానివన్న రోజు నుంచి నేను ఎప్పుడూ అనలేదు. మా తాత నాకు ఇచ్చిపోయింది అదొక్కటే. దానితో ఎవరి చదువూ నిలబడలేదు, నాదీ నిలబడలేదు. అయినా అనలేదు.